పాత పెట్రోల్ కారు మైలేజీ 14 నుంచి 10.5కు పడిపోయింది: లోపం ఎక్కడ వెతకాలి?

ఉప్పల్ వాసి:

నమస్కారం. మా 2017 నాటి పెట్రోల్ కారు మునుపటి కంటే చాలా ఎక్కువ ఇంధనం తాగుతోంది. కారణం ఎక్కడ వెతకాలో, ఏ క్రమంలో వెతకాలో తెలిసినవారు చెప్పగలరని ఇక్కడ వ్రాస్తున్నాను.

అది 1.2 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు ఉన్న బీఎస్4 చిన్న కారు. ఇప్పటికి 64,000 కిలోమీటర్లు తిరిగింది. ఉప్పల్ నుంచి తార్నాక, బేగంపేట, పంజాగుట్ట మీదుగా గచ్చిబౌలిలోని కార్యాలయానికి దానిలోనే వెళ్లి వస్తాను. సెలవు రోజుల్లో అప్పుడప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతాను. దారి మారలేదు, నడిపే మనిషీ మారలేదు, రద్దీ కూడా ఎప్పటిలాగే ఉంది. అయినా ఇదివరకు ఏసీ వేసుకుని కూడా లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చిన కారు ఇప్పుడు 10.5 దగ్గర ఆగిపోయింది. ఔటర్ మీద 17 దాటేది కాస్తా 14 రావడమే గగనమైపోయింది.

సర్వీసింగ్ వేళ తప్పకుండా చేయిస్తున్నాను. ఈ మధ్య ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు మార్పించి, ఇంజెక్టర్లు శుభ్రం చేయించినా తేడా కనబడలేదు. చెక్ ఇంజిన్ దీపం వెలగడం లేదు. ఇప్పుడు ఒక సర్వీస్ సెంటరువారు ఆక్సిజన్ సెన్సరు (ఇంజిన్ వదిలే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచేది), ట్యాంకు నుంచి ఇంధనాన్ని ఇంజిన్‌కు పంపే పెట్రోల్ పంపు రెండూ మార్చాలంటున్నారు. ఖర్చు తక్కువేమీ కాదు కనుక, ఒప్పుకునే ముందు నలుగురిని అడగడం మంచిదనిపించింది.

సంబంధం ఉందో లేదో గాని మరో రెండు విషయాలు కూడా చెబుతాను. గత వేసవిలో బేగంపేట రద్దీలో ఇంజిన్ బాగా వేడెక్కి బండి ఆగిపోతే దగ్గరలోని ఒక షెడ్డులో బాగు చేయించాము. ఆ తరువాత మళ్లీ వేడెక్కలేదు. మా కారులో ఉష్ణోగ్రత చూపే ముల్లు లేదు, ఇంజిన్ చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్ర దీపం మాత్రమే వెలుగుతాయి. ఆ నీలం దీపం ఈ మధ్య ఉదయం పూట తార్నాక వచ్చే దాకా ఆరడం లేదు.


తార్నాక ఇంజినీరు:

సెన్సరు గాని, పంపు గాని ఇప్పుడే మార్పించవద్దు. పంపు బలహీనపడితే ఇంజిన్‌కు చేరే ఇంధనం తగ్గి బండి లాగడం మానేస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు తడబడుతుంది. లాగుడులో లోపం లేకుండా పెట్రోలు మాత్రమే ఎక్కువ ఖర్చవుతుంటే పంపును అనుమానించడానికి ఆధారమేమిటో వారినే అడగండి.

మీరు చివరలో సంబంధం ఉందో లేదో అంటూ చెప్పిన రెండు విషయాలే నాకు అన్నిటికంటే విలువైనవిగా కనిపిస్తున్నాయి. అయితే ముందు కొలత సంగతి తేల్చుకోవాలి. 10.5 అన్నది డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకె అయితే దానిని పక్కన పెట్టండి. ట్యాంకును ఆటో కట్ అయ్యే వరకు నింపించి, ట్రిప్ మీటరును సున్నా చేసి, కనీసం 300 కిలోమీటర్లు మీ మామూలు దారిలోనే తిరిగి, మళ్లీ అదే బంకులో, వీలైతే అదే పంపు వద్ద ఆటో కట్ వరకు నింపించి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. ఆటో కట్ అయ్యాక రౌండ్ ఫిగర్ కోసం బంకు కుర్రవాడు మరో రెండు మూడు నొక్కులు నొక్కబోతే వద్దనండి. దానివల్ల లెక్క పాడవడమే కాక, పొంగిన పెట్రోలు, ట్యాంకులోని ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి చేరి దానిని పాడుచేస్తుంది. ఒక్క ట్యాంకుతో నిర్ణయానికి రాకుండా, ఇంకొక ట్యాంకు కూడా చూస్తే అంకె నిలకడగా ఉందో లేదో తెలుస్తుంది.

ఇక నీలం దీపం. హైదరాబాదు వాతావరణంలో అది ఒకటి రెండు కిలోమీటర్లలో ఆరిపోవాలి. తార్నాక వరకు వెలుగుతోందంటే ఇంజిన్ వేడెక్కవలసినంత త్వరగా వేడెక్కడం లేదని అర్థం. ఇంజిన్‌కు, రేడియేటరుకు మధ్య థర్మోస్టాట్ అనే చిన్న కవాటం ఉంటుంది. షెడ్డుల్లో దానిని వాల్వు అంటారు. కూలెంట్ వేడి సుమారు 82 నుంచి 88 డిగ్రీలకు చేరే దాకా అది మూసుకుని ఉండి, ఆ తరువాతే రేడియేటరులోకి దారి ఇస్తుంది. బండి వేడెక్కుతోందని తీసుకువెళితే అసలు కారణం వెతకకుండా ఆ వాల్వును పీకి పారేసే అలవాటు మన ఊళ్లో చాలా షెడ్డుల్లో ఉంది. వేడెక్కడం ఆగిపోతుంది, కారు యజమాని సంతోషంగా ఇంటికి వెళతాడు. ఆ రోజు నుంచి ఇంజిన్ మాత్రం ఎప్పుడూ సగం చలిలోనే నడుస్తుంది. మీ విషయంలో జరిగింది ఇదేనేమోనని నా అనుమానం.

అనుమానాన్ని నిర్ధారించుకోవడం తేలిక. స్టీరింగ్ కింద, ఇంజిన్ కంప్యూటరులోని అంకెలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ స్కానరు కొనండి, లేదా ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఫోనులోని యాప్‌లో నాలుగు అంకెలు చూసి ఇక్కడ వ్రాయండి: కూలెంట్ ఉష్ణోగ్రత, స్వల్పకాలిక ఫ్యూయల్ ట్రిమ్, దీర్ఘకాలిక ఫ్యూయల్ ట్రిమ్, మొదటి ఆక్సిజన్ సెన్సరు వోల్టేజి. ట్రిమ్ అంటే ఇంజిన్ కంప్యూటరు తన లెక్క కంటే ఎంత శాతం ఇంధనం ఎక్కువగా లేదా తక్కువగా వదులుతోందో చెప్పే అంకె. రద్దీలో ఒకసారి, ఔటర్ మీద నిలకడగా 90 వేగంలో మరొకసారి చూడండి. ఔటర్ మీద తీసిన అంకెలే ఎక్కువ విషయం చెబుతాయి, ఎందుకంటే గాలి బాగా తగిలినప్పుడే వాల్వు లేని లోటు బయటపడుతుంది.


మలక్‌పేట చోదకుడు:

ఇంత పరిశోధన అవసరమా అనిపిస్తోంది. నేను అద్దె కార్లు నడుపుతాను. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు వచ్చినప్పటి నుంచి మా పాత బండ్లన్నిటికీ మైలేజీ పడిపోయింది. దానికి తోడు కొన్ని బంకుల్లో కొలత సరిగా ఉండదు. ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోయించి, ట్యాంకులో ఒక సీసా ఇంజెక్టర్ క్లీనరు కలిపి చూడమని నా సలహా.


నల్లకుంట పాఠకుడు:

ఇథనాల్ ప్రభావం నిజమే గాని, మొత్తం నింద దాని మీద వేయడానికి లెక్క కుదరడం లేదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికంటే సుమారు మూడో వంతు తక్కువ. పదో వంతు కలిపిన ఇ10 నుంచి ఐదో వంతు కలిపిన ఇ20కి మారితే లీటరులోని శక్తి మూడున్నర శాతం వరకు తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన ఇథనాల్ మార్గసూచిలో కూడా, మొదట ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి ఇ10కి సరిచేసిన నాలుగు చక్రాల వాహనాలు ఇ20 వాడితే సామర్థ్యం 6 నుంచి 7 శాతం, ఇ10కి రూపొందించి ఇ20కి సరిచేసినవాటికి 1 నుంచి 2 శాతం తగ్గవచ్చని అంచనా వేశారు. పెద్ద అంకెనే తీసుకున్నా 14లో 7 శాతమంటే ఒక కిలోమీటరు లోపే. ప్రశ్న వేసినవారికి పోయింది మూడున్నర కిలోమీటర్లు, అంటే పావు వంతు. మిగిలిన రెండున్నర ఎక్కడికి పోయినట్లు?

బంకు కొలత మీద అనుమానం ఉంటే ఊహించుకోనవసరం లేదు. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి, వినియోగదారు అడిగితే కొలిచి చూపాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను నిబంధనలు అనుమతిస్తాయి, అంటే అర శాతం. అంతకు మించితే ఫిర్యాదు చేయవచ్చు. ఏమైనా, నెలల తరబడి ఒకే తీరుగా పావు వంతు తగ్గడమన్నది కొలత మోసానికి సరిపడే లక్షణం కాదు.

ప్రీమియం పెట్రోలు విషయంలో మాత్రం పూర్తిగా విభేదిస్తున్నాను. దానిలో ఎక్కువగా ఉండేది ఆక్టేన్. అది ఇంజిన్ కొట్టుకోకుండా ఆపుతుందే తప్ప అదనపు శక్తిని ఇవ్వదు. మామూలు పెట్రోలుకు రూపొందించిన చిన్న ఇంజిన్‌లో ఆ డబ్బు వృథా. ఎయిర్ ఫిల్టర్ గురించి కూడా ఒక మాట. కార్బ్యురేటర్ల కాలంలో ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోలు ఎక్కువ తాగేది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్ లోపలికి వచ్చే గాలిని కొలిచి దానికి తగినంతే ఇంధనం వదులుతుంది కనుక, ఫిల్టర్ మురికి పడితే వేగం అందుకోవడం మందగిస్తుంది గాని మైలేజీ దాదాపు మారదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో పరీక్షలు చేసి ఈ సంగతే చెప్పింది. అందుచేత ఫిల్టర్ మార్చినా తేడా రాలేదంటే ఆశ్చర్యపోనవసరం లేదు.


ఉప్పల్ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. కార్యాలయంలో మిత్రుడి దగ్గర స్కానరు దొరికింది. ట్యాంకు లెక్క కూడా మళ్లీ చూశాను, నగరంలో 10.6 వచ్చింది, డ్యాష్‌బోర్డు మాత్రం 11.4 చూపిస్తోంది.

కూలెంట్ ఉష్ణోగ్రత రద్దీలో నెమ్మదిగా పెరిగి 76 నుంచి 80 మధ్య ఉంటోంది. ఘట్‌కేసర్ వద్ద ఔటర్ ఎక్కి 90 వేగంలో నిలకడగా వెళుతుంటే క్రమంగా తగ్గి 62 దగ్గర నిలిచింది. దీర్ఘకాలిక ట్రిమ్ అదనంగా 5 నుంచి 6 శాతం, స్వల్పకాలికం సున్నాకు అటూ ఇటూ మూడు. మొదటి ఆక్సిజన్ సెన్సరు 0.1, 0.8 వోల్టుల మధ్య వేగంగా ఊగుతోంది. లోపాన్ని సూచించే కోడ్‌లేవీ లేవు.

టైర్లలో గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడు కొలిచి, తలుపు స్తంభం మీది స్టిక్కరులో ఉన్నట్లు 33 పీఎస్ఐ పెట్టించాను. అంతకు ముందు 29, 30 ఉన్నాయి. ఔటర్ నుంచి దిగి బండి ఆపాక ముందు ఎడమ చక్రం రిమ్ము దగ్గర చేయి పెట్టి చూస్తే కుడివైపు కంటే స్పష్టంగా ఎక్కువ వేడిగా అనిపించింది. ఇది మామూలేనా?


తార్నాక ఇంజినీరు:

మీ అంకెలు చాలా విషయాలను ఒక్కసారే తేల్చేశాయి. ఒక్కొక్కటిగా చెబుతాను.

ఆక్సిజన్ సెన్సరు 0.1, 0.8 మధ్య చురుకుగా ఊగుతోందంటే అది తన పని తాను చక్కగా చేస్తోంది. మందగించిన సెన్సరు ఒకే చోట ఉండిపోతుంది, లేదా నీరసంగా కదులుతుంది. దానిని మార్చే ఆలోచన మానుకోండి. దీర్ఘకాలిక ట్రిమ్ అదనంగా 5, 6 శాతం ఉండడాన్ని చూసి కూడా కంగారుపడవద్దు. ఇథనాల్ దహనానికి గాలి తక్కువ చాలు. ఇ10కి గాలి, ఇంధనాల నిష్పత్తి సుమారు 14.1 అయితే ఇ20కి 13.5 చుట్టూ ఉంటుంది. ఆ నాలుగైదు శాతం అదనపు ఇంధనాన్ని ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటరు, తనంతట తానే సర్దుకుంటోంది. ట్రిమ్ 10 దాటి ఉంటే గాలి లీకులు వెతకమని చెప్పేవాడిని.

90 వేగంలో కూలెంట్ 62కి పడిపోవడమే అసలు లోపం. వాల్వు ఉండి సరిగా పనిచేస్తుంటే ఇది జరగదు. వాల్వు తెరుచుకున్న స్థితిలో ఇరుక్కుపోయి ఉండాలి, లేదా అసలే లేకపోవాలి. పి0128 అనే కోడ్ ఇలాంటి లోపం కోసమే ఉంది గాని, ఆ పరీక్ష అన్ని బీఎస్4 కార్లలోనూ అమర్చి ఉండదు. చెక్ ఇంజిన్ దీపం వెలగలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడానికి లేదు.

ఇంజిన్ చల్లగా ఉంటే ఇంత నష్టం ఎలా వస్తుందని మీరు అడగవచ్చు. చల్లని ఇంజిన్‌కు ఈసీయూ అవసరం కంటే కొంచెం ఎక్కువ పెట్రోలు వదులుతుంది, నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ వేగాన్ని కూడా పెంచి ఉంచుతుంది. ఆయిలు చిక్కగా ఉండి లోపలి రాపిడి పెరుగుతుంది. చాలామంది గమనించని కారణం మరొకటి ఉంది. గేరులో ఉండగా యాక్సిలరేటరు మీద నుంచి కాలు పూర్తిగా తీస్తే ఇంజెక్టర్లు మూసుకుపోయి, బండి దొర్లుతున్నంత సేపు చుక్క పెట్రోలు కూడా ఖర్చు కాదు. ఫ్లైఓవర్లు దిగేటప్పుడు, దూరంగా ఎర్ర సిగ్నల్ కనబడినప్పుడు నగరంలో మనకు కలిసి వచ్చేది ఇదే. కూలెంట్ ఒక స్థాయికి వేడెక్కితే తప్ప అనేక ఈసీయూలు ఈ సదుపాయాన్ని అనుమతించవు. అంటే బేగంపేట ఫ్లైఓవరు దిగుతూ మీరు కాలు తీసినా ఇంజిన్ పెట్రోలు తాగుతూనే ఉండవచ్చు. న్యూట్రల్‌లో వేసి దిగేవారికి వేడి ఇంజిన్‌తో కూడా ఇదే నష్టం, ఎందుకంటే న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి ఇంధనం పడుతూనే ఉండాలి. పొదుపు అనుకుని ఆ అలవాటు చేసుకున్నవారు మన ఊళ్లో తక్కువేమీ కాదు.

ఎడమ చక్రం వేడి మామూలు కాదు. బ్రేకు ప్యాడ్లను డిస్కు మీద నొక్కే కాలిపర్ జారవలసిన పిన్నులు తుప్పుపట్టి బిగిసిపోతే ప్యాడ్లు డిస్కును వదలకుండా రాసుకుంటూనే ఉంటాయి. జాకీ మీద ఆ చక్రాన్ని ఎత్తి, గేరు తీసి, చేత్తో తిప్పి కుడి చక్రంతో పోల్చి చూడమనండి. పిన్నులు తీసి శుభ్రపరచి, బ్రేకులకు వాడే గ్రీజు పెడితే చాలా సందర్భాల్లో సరిపోతుంది. ఇది మైలేజీకి మాత్రమే సంబంధించిన విషయం కాదు కనుక వాల్వు కంటే ముందే చేయించండి.


రాణిగంజ్ విడిభాగాలు:

విడిభాగాల వ్యాపారంలో ఉన్నాను కాబట్టి కొనుగోలు గురించి రెండు మాటలు. థర్మోస్టాట్ చిన్న కార్లకు పెద్ద ఖరీదైన వస్తువు కాదు, కాని ఒక్కొక్క ఇంజిన్‌కు ఒక్కొక్క ఉష్ణోగ్రత ఉంటుంది. అది వాల్వు మీదనే అచ్చువేసి ఉంటుంది. రాణిగంజ్‌లో గాని, పుత్లీబౌలిలో గాని అడిగేటప్పుడు కారు పేరు మాత్రమే కాక ఛాసిస్ నంబరు కూడా చూపి, కంపెనీ విడిభాగం నంబరుతో సరిపోల్చి తీసుకోండి. చల్లగా ఉంటుందని తక్కువ డిగ్రీలది అంటగట్టబోతే తీసుకోవద్దు. బిగించే ముందు గిన్నెలో నీళ్లు కాచి, దానిలో వాల్వును వేలాడదీసి, ఏ వేడికి తెరుచుకుంటుందో చూడవచ్చు. కొత్త గ్యాస్కెట్ తప్పనిసరి.

వాల్వు తీసేసిన షెడ్డులో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి ఉండే అవకాశం కూడా ఉంది. మన బోరు నీటిలో లవణాలు ఎక్కువ. రేడియేటరు గొట్టాల్లో తెల్లని పొర కట్టి దారి ఇరుకైపోతుంది. వ్యవస్థ మొత్తం కడిగించి, గాఢ కూలెంట్ అయితే స్వేదన జలంతో సమపాళ్లలో కలిపి పోయించండి.

ఆ షెడ్డులో ఇంజిన్ ఆయిలు కూడా మార్చారా? మార్చి ఉంటే బిల్లు చూడండి. ఇటీవలి చిన్న పెట్రోల్ ఇంజిన్లలో చాలావాటికి కంపెనీలు 0డబ్ల్యూ-20 వంటి పలుచని ఆయిలు సూచిస్తుంటే, పాత అలవాటుతో 20డబ్ల్యూ-50 పోసేవారు ఇంకా ఉన్నారు. చల్లని ఇంజిన్, చిక్కని ఆయిలు కలిస్తే నష్టం రెట్టింపవుతుంది. మీ యజమాని పుస్తకంలో ఏ గ్రేడు ఉందో అదే వాడండి.


ఉప్పల్ వాసి:

పని పూర్తయింది. వాల్వు ఉండవలసిన గూడు విప్పి చూస్తే అది ఖాళీగా ఉంది. కూలెంట్ కూడా తుప్పు రంగు నీరే. కంపెనీ నంబరు ప్రకారం కొత్త థర్మోస్టాట్, గ్యాస్కెట్ వేయించి, లోపల కడిగించి, కొత్త కూలెంట్ పోయించాను. ఎడమ కాలిపర్ కింది పిన్ను బిగిసిపోయి ఉంది. దానిని శుభ్రపరచి, ఒకవైపే అరిగిన ప్యాడ్లను రెండు వైపులా మార్చారు. మొత్తం ఖర్చు, ఆక్సిజన్ సెన్సరుకు చెప్పిన ధరలో సగం కూడా కాలేదు.

ఇప్పుడు నీలం దీపం ఉప్పల్ చౌరస్తా చేరే లోపే ఆరిపోతోంది. కూలెంట్ నగరంలోనూ ఔటర్ మీదా 86 నుంచి 92 మధ్య నిలకడగా ఉంటోంది. ట్యాంకు లెక్క ప్రకారం నగరంలో 12.8, ఔటర్ మీద 16కు కొంచెం పైన. ఇథనాల్ వల్ల పోయే అర కిలోమీటరును పక్కన పెట్టినా పాత 14కు ఇంకా కొంత తేడా ఉంది. బిల్లు వెతికితే ఆ షెడ్డులో 20డబ్ల్యూ-50 ఆయిలే పోసినట్లు తేలింది. మా పుస్తకంలో ఉన్నది 0డబ్ల్యూ-20. వచ్చే వారం మార్పిస్తాను.


మలక్‌పేట చోదకుడు:

మంచి సమాచారం. మా బండ్లలో ఒకదానికి నీలం దీపం చాలా సేపు వెలుగుతుంటే ఇన్నాళ్లూ పట్టించుకోలేదు; రేపే వాల్వు విప్పి చూపిస్తాను. ఇథనాల్ మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.


తార్నాక ఇంజినీరు:

ఆయిలు మారిస్తే మరికొంత కలిసి రావచ్చు, కాని దాని కంటే ముందు మరొక సంగతి మిగిలి ఉంది. గత వేసవిలో ఆ ఇంజిన్ అసలు ఎందుకు వేడెక్కింది? వాల్వు మూసుకున్న స్థితిలో ఇరుక్కుపోయి ఉంటే కొత్తదానితో సమస్య తీరినట్లే. అలా కాక రేడియేటరు గొట్టాలు పూడుకుపోయి గాని, ఫ్యాను తిరగక గాని వేడెక్కి ఉంటే, ఇప్పటి వరకు వాల్వు లేకపోవడమే ఆ లోపాన్ని కప్పిపుచ్చింది. వాల్వు తిరిగి వచ్చింది కనుక వచ్చే ఏప్రిల్, మే నెలల్లో అది మళ్లీ తలెత్తుతుంది.

కాబట్టి ఎండ ముదరక ముందే ఇలా చూడండి. ఏసీ ఆపి, బండిని నీడలో నిలిపి, ఇంజిన్‌ను అలాగే నడవనిచ్చి స్కానరు చూస్తూ ఉండండి. 95 డిగ్రీల చుట్టుపక్కల ఫ్యాను తిరగడం మొదలుపెట్టి, కాసేపటికి ఉష్ణోగ్రతను కిందికి దింపి ఆగాలి. 100 దాటినా తిరగకపోతే వెంటనే ఇంజిన్ ఆపి రిలే, ఫ్యూజు, మోటారు చూపించండి. ఫ్యాను తిరుగుతున్నా వేడి దిగకపోతే అనుమానం రేడియేటరు మీదికి వెళుతుంది. తరువాత ఏసీ వేయండి. ఏసీ వేసిన వెంటనే ఫ్యాను అందుకోవాలి. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక మాత్రమే రేడియేటరు మూత తీసి, దాని రబ్బరు పగిలిందేమో, మూత లోపల తెల్లని పొర ఉందేమో చూడండి. ఫలితం ఇక్కడ వ్రాస్తే రేడియేటరు విప్పవలసిన అవసరం ఉందో లేదో చెప్పగలను.